తెల్లగొంతుది

"మీకు తెలిసిన జంతువుల పేర్లు చెప్పండి అమ్మమ్మా. ఒక్క నిమిషం. ఎన్ని వీలైతే అన్ని," అంది పరీక్ష పెడుతున్న శ్వేత, ఫోనులో గడియారం సిద్ధం చేసుకుంటూ.

సత్తెమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసి, తర్వాత పక్కనున్న కోడలు ఊర్మిళ వైపు చూసింది. జనగామలో ఒక ఫంక్షన్ హాలు అది. వృద్ధుల జ్ఞాపకశక్తి పరీక్షలని బయట బ్యానరు కట్టారు గానీ, లోపల నిన్నటి పెళ్లి పూలదండలు ఇంకా విప్పలేదు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర సోఫాల మీద ముసలివాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టారు. ఎవరైనా వచ్చి అక్షింతలు వేసిపోతారేమోనని ఊర్మిళకు నవ్వు వస్తోంది.

అప్పటికే పరీక్ష సగం అయింది. ఈ రోజు ఏ వారమంటే సత్తెమ్మ సోమవారమని సరిగ్గానే చెప్పింది. ఏ సంవత్సరమంటే, "మా ఆయన పోయిన రెండో ఏడు" అంది. ఆ జవాబుకు కాగితంలో గడి లేదు. పైగా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. తాళం, గోడ, అరటిపండు అని మూడు మాటలు గుర్తుపెట్టుకొమ్మంటే, అయిదు నిమిషాల తర్వాత ఆమె దగ్గర అరటిపండు ఒక్కటే మిగిలింది. ఊర్మిళ ఇదంతా ఫోనులో వీడియో తీస్తోంది. ఒక్క ముక్క వదలకుండా తీసి పంపమని, చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఫిట్టరుగా పనిచేసే భర్త జయపాల్ పొద్దున్నే ఫోను చేసి చెప్పాడు.

ఇరవై ఎనిమిది జీవాల గతి ఆ వీడియోలో తేలాలి. పరీక్షలో తక్కువ వస్తే గురువారం నాడు బేరగాడు దేవేందర్ డీసీఎం వ్యాను వేసుకుని ఇంటి ముందుకు వస్తాడు. మంద మొత్తం ఎక్కించుకుపోతాడు. జయపాల్ రాతి గుండెవాడేం కాదు. నెల కిందట వాళ్లమ్మ దొడ్డి గేటు వేయడం మరిచిపోతే మంద రైలుపట్టాల మీదికి పోయింది. మంద వెనక ఆమె కూడా పట్టాలెక్కింది. గూడ్సు బండి హారను ఇంట్లో వంట చేస్తున్న ఊర్మిళకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డం, ఊర్మిళను పట్టుకుని ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో "నర్సమ్మా" అని పిలవడం మొదలయ్యాయి. ఇక నిన్న ఆదివారం సాయంత్రం, సెలవుకు వచ్చిన కొడుకు కళ్లముందే, దొడ్డిలోకి వస్తున్న ఒక గొర్రెను నుదుటి మీద చెయ్యి పెట్టి ఆపేసి, "ఇదెవలది?" అంది. మంద కాసే మొగిలి మళ్లీ లెక్కపెట్టాడు. సరిగ్గా ఇరవై ఎనిమిది. సొంత గొర్రెనే పోల్చుకోలేకపోయిందని జయపాల్ లోపలికి పోయి దేవేందర్‌కు ఫోను చేశాడు.

"జంతువులంటే ఏంది బిడ్డా?" అంది సత్తెమ్మ.

శ్వేత తన కాగితం చూసుకుంది. ఉదాహరణలు చెప్పరాదని అందులో రాసి ఉంది. చెప్పకపోతే ఈ ముసలమ్మ సున్నా దగ్గరే ఆగేట్టుంది. మనసొప్పక కొంచెం ముందుకు వంగి, "జంతువులంటే జీవాలు, అమ్మమ్మా. జీవాలు," అంది.

సత్తెమ్మ నడుము నిటారైంది.

"మా జీవాలా?"

"మీకు తెలిసినవన్నీ."

"నాకు ఎరుక లేనిది ఉంటదా," అంది సత్తెమ్మ, కొంచెం చిన్నబుచ్చుకుని. కళ్లు మూసుకుంది. కుడి అరచేతిని నేలవైపు తిప్పి, మోకాలికి జానెడు ఎత్తున గాలిలో నిలిపింది.

"ముందుమేక. పెద్ద పొట్టేలు. నల్లబొల్లి. సగంతోకది. బోడిది. దొంగది. దొంగదాని బిడ్డ. కంట్ల పువ్వుది. కవలల తల్లి. ఎర్రమూతిది..."

పేరు పేరుకూ అరచెయ్యి కొద్దిగా కిందికి దిగి, దేన్నో తాకి, మళ్లీ లేస్తోంది. తడబాటు లేదు, తొందర లేదు. మొదట చకచకా కదిలిన శ్వేత పెన్ను రెండు గీతల దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల మొహంలో జాలి ఊర్మిళకు ఫోను తెరలో స్పష్టంగా కనిపించింది.

"...పాలకు తన్నేది. వానల పుట్టింది. కుంటిది."

అక్కడ సత్తెమ్మ ఆగింది. చెయ్యి మాత్రం గాలిలోనే ఉంది. కళ్లు తెరవలేదు. పక్క సోఫాలో ఎవరో ముసలాయన పులి, సింహం, ఏనుగు అని సర్కసు మొత్తం అప్పజెప్తున్నాడు.

"అయిపోయాయా అమ్మమ్మా?"

"ఆగు."

ఫోను గంట కొట్టింది. నిమిషం అయిపోయింది. సత్తెమ్మ అరచేతిని మెల్లగా ఒళ్లోకి దించుకుంది.

శ్వేత గొంతు తగ్గించి ఊర్మిళకు వివరించింది. మేక ఒకటి, గొర్రె ఒకటి, పొట్టేలు గొర్రె కిందికే వస్తుంది. మిగతావి పేర్లు కావు, ఆ గొర్రె గురించే తిప్పి తిప్పి చెప్పిన గుణాలు. మొత్తం రెండు. చివర పన్నెండు సెకన్లు మౌనం అని కూడా రాసింది. రెండంటే చాలా తక్కువండి, అంది. గట్టిగా పోట్లాడ్డానికి ఊర్మిళకు కారణమేదీ దొరకలేదు. తనకు డిగ్రీ ఉంది. డిగ్రీ ఉన్నవాళ్లు కాగితాన్ని కాదనలేరు, అదే చిక్కు.

ఆటోలో సత్తెమ్మ కొంగు సర్దుకుని, చాలా తృప్తిగా అడిగింది. "పాసయిననా బిడ్డా?"

"ఇంకా చెప్పలే అత్తమ్మా."

"అన్నీ చెప్పిన. ఒక్కటే చెప్పలే. లేనిదాన్ని ఎట్ల చెప్పాలె?"

ఊర్మిళ ఆ మాటను ఉప్పు రెండుసార్లు పడ్డ కూరతోనూ, తొమ్మిదేళ్లు రెండేళ్లయిన లెక్కతోనూ కలిపి ఒక మూలన పెట్టింది.

*

వీడియో చూసి జయపాల్ ఫోను చేశాడు. రెండా, అన్నాడు. రెండే, అంది ఊర్మిళ. తర్వాత, గురువారం సెలవు పెట్టి వస్తానని, దేవేందర్‌తో మాట ఖాయం చేసుకుంటానని, తల్లికి మాత్రం ముందే చెప్పొద్దని అన్నాడు. చివర్లో, "బయటోడు తోలుకపోతుంటే చూస్తదా అవ్వ?" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మంగళవారం మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఊర్మిళ ఆ వీడియో మళ్లీ పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలీదు. రెండోసారి విన్నప్పుడు పేర్లు లెక్కపెట్టింది. ఇరవై ఏడు. మూడోసారి విన్నప్పుడు ఒక్క పేరూ రెండుసార్లు రాలేదని గమనించింది. మతి జారిపోతున్న మనిషి ఒకే గొర్రెను ఇరవై ఏడు రకాలుగా వర్ణించి, ఒక్క వర్ణననూ తిప్పి చెప్పకపోవడం మామూలు విషయం కాదు. నాలుగోసారి మాటలు వదిలేసి చెయ్యి చూసింది. ఆ చేతిని తను ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, పెళ్లయి వచ్చిన నాటి నుంచీ రోజూ సాయంత్రం చూస్తూనే ఉంది.

పొద్దుగూకే వేళకు ఊర్మిళ ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని దొడ్డి దగ్గరికి పోయింది. సత్తెమ్మ గేటు పక్క బండ మీద ఎప్పటిలా కూర్చుని ఉంది. పట్టాల అవతలి మెట్ట చెల్కల నుంచి మొగిలి మందను తోలుకొస్తున్నాడు. దుమ్ము ముందొచ్చింది, తర్వాత మంద వచ్చింది. గేటు ఒక్క రెక్కే తెరుస్తారు. జీవాలు ఒకటొకటిగా సత్తెమ్మ అరచేతి కింది నుంచి దూరి లోపలికి పోవాలి. ఆమె అటు చూడను కూడా చూడదు, ఎదురుగా తంగేడు పొదల వైపు చూస్తూ ఉంటుంది.

ఊర్మిళ వీడియో నొక్కింది.

ముందుమేక, అంది చెవిలోని సత్తెమ్మ. ముందుమేక గేట్లో కాలు పెట్టింది. పెద్ద పొట్టేలు, అంది. పెద్ద పొట్టేలు కొమ్ములు గేటుకు రాసుకుంటూ వచ్చింది. నల్లబొల్లి వచ్చింది. సగం తోకతో ఒకటి వచ్చింది. కొమ్ముల్లేని బోడిది వచ్చింది. దొంగది మాత్రం తన బుద్ధి పోనిచ్చుకోక నాలుగింటిని తోసుకుని ముందుకొచ్చింది, అంతే తేడా. చెవిలో చెప్తున్న మనిషి, బండ మీద మౌనంగా కూర్చున్న మనిషి, ఇద్దరి చేతులూ ఒకే తాళానికి దిగి లేస్తున్నాయి.

వానల పుట్టింది వచ్చింది. కుంటిది కాలీడ్చుకుంటూ వచ్చింది. చెవిలో మాట ఆగిపోయింది.

కుంటిదాని వెనక ఇంకో గొర్రె వచ్చింది. సత్తెమ్మ చెయ్యి వీపు మీదికి దిగలేదు. తిన్నగా పోయి నుదుటికి అడ్డం పడింది.

"ఇదెవలది?"

"ఇరవై ఎనిమిది," అన్నాడు మొగిలి. అతను సత్తెమ్మ బావగారి కొడుకు, మనిషి నెమ్మది, కళ్లలో ఈమధ్య మసక. "లెక్క సరిపోయింది చిన్నమ్మా. పోనియ్యి దాన్ని."

ఊర్మిళ ఇయర్‌ఫోను తీసేసింది. ఆదివారం నుంచి ఈ ఇంట్లో ఎవరూ అడగని మాట అడిగింది. "అత్తమ్మా, ఇది మనది కాకపోతే, మనది ఏది రాలే?"

"తెల్లగొంతుది," అంది సత్తెమ్మ వెంటనే, ఇంత సులువైన ప్రశ్న అడగడానికి ఇన్ని రోజులేమిటన్నట్టు. "రోజు కుంటిదానికి తోడుండి అన్నిటి ఎనుక వస్తది. నిండు సూడిది. ఈ పాటికి ఈనే ఉంటది."

"మరి చెప్పకపోతివి."

"చెప్పిన. మీరు లెక్కవెట్టిండ్రు."

మొగిలి కర్ర భుజం మీది నుంచి దించాడు. సత్తెమ్మ కొత్త గొర్రె కుడి చెవిని వేళ్ల మధ్య పట్టుకుని అంచు వెంట బొటనవేలు నడిపించింది. ఒకచోట వేలు ఆగింది. ఊర్మిళ వంగి చూసింది. చెవి అంచున వడ్లగింజంత కత్తిగాటు. ముళ్లకు చెవులు చిరగడం మామూలే గనక ఎవరూ పట్టించుకోలేదు. వీపు మీద రాసే ఎర్రమట్టి జాజు గుర్తు సంగతంటారా, చుట్టుపక్కల అందరూ రాసేది అదే జాజు, పోయిన వానకు అందరిదీ కారిపోయింది.

"తండల గంగాబాయి గిట్ల కోస్తది," అంది సత్తెమ్మ. "మొన్న తొట్టికాడ రెండు మందలు కలిసినయా మొగిలీ?"

మొగిలి తలపాగా తీసి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం బోరు తొట్టి దగ్గర గంగాబాయి కొడుకు మంద, తన మంద ఒకేసారి నీళ్లకు దిగాయని, విడదీసి లెక్కపెట్టుకుంటే ఇద్దరికీ సరిపోయిందని, సరిపోయిన లెక్కను ఎవరు అనుమానిస్తారని అన్నాడు. అని, బండ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. సత్తెమ్మ కొత్త గొర్రెను లోపలికి వదిలి, "పరాయి పిల్ల, జర మంచిగ చూడు," అంది.

*

బుధవారం పొద్దున్నే ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, గంగాబాయి గొర్రెను ఎక్కించి, అత్తాకోడళ్లు డ్రైవరు పక్కన ఇరుక్కుని తండాకు పోయారు. ఊర్మిళ భర్తకు ఫోను చేయలేదు. చెప్తే ఆయన, సరే, అది ఒక గొర్రె సంగతి, పరీక్ష సంగతి వేరు అంటాడు. ఆయన కూడా డిగ్రీ చదివినవాడే.

గంగాబాయి వాకిట్లో చాట పట్టుకుని మక్కలు చెరుగుతోంది. ట్రాలీలో గొర్రెను చూసి చాట కింద పెట్టింది. ఎదురొచ్చి, ముందు గొర్రెను కాదు, సత్తెమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నేను జెప్పలేదా," అని ఇంట్లోకి తిరిగి కొడుకును ఉద్దేశించి అంది. "నాలుగొద్దుల సంది చెప్తున్న, తెల్లగొంతుది మనది కాదు, మన గొర్రె ఏడనో పోయిందని. నన్ను చూసి నవ్విండు సత్తెమ్మక్కా. లెక్క మంచిగనే ఉంది, నీకే తిక్కలేసింది అన్నడు."

ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేదు. పళ్లు తోముకునే చప్పుడు మాత్రం ఉన్నట్టుండి ఎక్కువైంది.

తెల్లగొంతుది కొట్టం నీడన ఉంది. పొట్ట కింద మూడురోజుల పిల్ల, దానికీ గొంతు దగ్గర చారెడు తెలుపు. సత్తెమ్మ కింద కూర్చుని పిల్ల పొట్ట నిండిందా అని తడిమి చూసింది, బొడ్డు ఆరిందా అని తిప్పి చూసింది. గంగాబాయి ఈత కష్టమైందని, వెనక కాళ్లు ముందొస్తే తనే సర్ది లాగానని, తల్లి రోషం గలదని చెప్పింది. ఇద్దరూ గొర్రె గురించి మాట్లాడుతున్నారో ఇంట్లో కోడళ్ల గురించి మాట్లాడుతున్నారో ఊర్మిళకు మధ్యలో అనుమానం వచ్చింది.

వచ్చేటప్పుడు గంగాబాయి, జనగామలో ఏదో పరీక్ష చేస్తున్నరట గద, మా వోడు నన్ను గూడ తోలుత అంటుండు, ఏం అడుగుతరు, అని ఆరా తీసింది. జీవాల పేర్లు చెప్పమంటే మాత్రం పులి, సింహం అని మొదలుపెట్టమని ఊర్మిళ సలహా ఇచ్చింది. గంగాబాయి ముక్కున వేలేసుకుంది. పులిని పెంచేదెవరు, అంది.

ఆటో ఇంటికి చేరి తెల్లగొంతుదాన్నీ పిల్లనూ దించాక, ఊర్మిళ కాగితం మీద ఉన్న నంబరుకు ఫోను చేసింది. పోట్లాడదామనే చేసింది. "మీరు జంతువులంటే జీవాలు అన్నారు. మా అత్తమ్మ జీవాలు చెప్పింది. ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి చెప్పింది. నా దగ్గర వీడియో ఉంది," అంది, తన గొంతులో తనకే తెలియని లాయరు ఒకావిడ మాట్లాడుతుంటే విని ఆశ్చర్యపోతూ.

అటువైపు నుంచి శ్వేత మాట్లాడింది. అది పుస్తకం తెలుగు కాదు.

"అయ్యో అక్కా. మాది మానుకోట. మా ఊర్ల గూడ జీవాలంటే గొర్లు, మేకలే. మా అమ్మమ్మ గిట్లనే అంటది. నాకెట్ల తట్టలేదో." మహబూబాబాద్‌ను మానుకోట అన్నదంటే పిల్ల నిజంగానే కలవరపడిందన్నమాట. పై చదువులకు పోయిన చోట యాస విని అందరూ నవ్వితే మాట మార్చుకున్నానని, మార్చుకుంటే ఇంత పోతుందనుకోలేదని అంది. గురువారం మధ్యాహ్నం ఇంటికొచ్చి పరీక్ష మళ్లీ చేస్తానంది. మొదటి కాగితాన్ని చింపనని, అది ఎందుకు తప్పయిందో దాని మీదే తన చేత్తో రాస్తానని అంది. సిద్ధం చేసుకున్న ఘాటు మాటలు మూడు మిగిలిపోయి ఊర్మిళకు కొంచెం నిరాశగా అనిపించింది.

*

గురువారం మధ్యాహ్నం శ్వేత నిజంగానే వచ్చింది. ఈసారి ఇంటి అరుగు మీద, మజ్జిగ తాగి, మానుకోట మాటతో అడిగింది. "అవ్వా, గొర్లు మేకలే గాదు. ఇంట్లయి, అడివిలయి, నీళ్లలయి, ఏవైనా సరే. నాలుగు కాళ్లయి, రెక్కలయి, అన్నీ."

"గట్ల అడుగు మరి," అంది సత్తెమ్మ. గొర్రె, మేక, బర్రె, ఆవు, కుక్క, పిల్లి, కోడి, కుందేలు, నక్క. అక్కడ నెమ్మదించింది. పాము. చాలాసేపటికి, కోతి. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఈసారి చెయ్యి గాలిలో లేదు, ఒళ్లో పడి ఉంది.

పదకొండు. శ్వేత దాచకుండా చెప్పింది. రెండు మాత్రం కాదు, అయినా ఉండవలసినంత లేదు. మతిమరుపు మొదలైంది, డాక్టరుకు చూపించాలి, మందులు వేళకు వేయాలి, మనిషిని ఒంటరిగా పట్టాల వైపు పోనీయొద్దు. రోజూ చేసే పని మాన్పించొద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది. ఊర్మిళ కాగితం తీసుకుంది. మొదటి కాగితం అంచున శ్వేత గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'తప్పు అడిగినదానిది. చెప్పిన పేర్లు ఇరవై ఏడూ వేర్వేరు. చివరి మౌనం మరుపు కాదు.' దాని కింద పొడి అక్షరాల్లో సంతకం.

శ్వేత ఆటో ఎక్కేసరికి దేవేందర్ డీసీఎం సందు తిరిగింది. దాని వెనకే మోటారుసైకిలు మీద జయపాల్ వచ్చాడు. సగం దూరం ఒక బండి, అక్కడి నుంచి ఇంకోటి పట్టుకుని, చివరికి తమ్ముడి వరసయ్యే ఎవరి బండో అడుక్కుని వచ్చినట్టున్నాడు, మొహం నిండా దుమ్ము. తల్లి కళ్లలోకి చూడలేక డీసీఎం టైర్లు చూస్తున్నాడు.

మంద వచ్చే వేళ అయింది. దొడ్డిలోకి వచ్చాకే చూసుకుందామని దేవేందర్ బండిని గేటుకు ఎదురుగా పెట్టి, వెనక తలుపు దించాడు. సత్తెమ్మ ఆ బండిని ఒకసారి చూసింది, కొడుకును ఒకసారి చూసింది. ఆమెకు అర్థమైంది. పట్టాల మీదికి గొర్రెల్ని వదిలిన సంగతి ఆమెకు గుర్తుందో లేదో గానీ, డీసీఎం ఎందుకొస్తుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పోయి తన బండ మీద కూర్చుని అరచెయ్యి తిప్పి పెట్టింది.

ఊర్మిళ ఆమెను ఒకే ఒక్కటి అడిగింది. ఈ ఒక్క రోజుకు పేర్లు పైకి అనమంది.

"ఎందుకు?"

"మీ కొడుకు ఇననీకి."

సత్తెమ్మ పైకి అంది. ముందుమేక. పెద్ద పొట్టేలు. నల్లబొల్లి. సగంతోకది. జయపాల్ మొదట వినలేదు. దొంగది అన్నప్పుడు తలెత్తాడు, ఎందుకంటే అది నిజంగానే అడ్డదారిన వచ్చి అప్పుడే గేట్లో తల పెట్టింది. కంట్ల పువ్వుది అన్నప్పుడు వంగి దాని కన్ను చూశాడు. దేవేందర్ నోట్లో గుట్కా నమలడం ఆపాడు. ఇరవై ఏళ్లుగా గొర్రెలు కొంటున్న మనిషి, ఇప్పటిదాకా వాటిని తల లెక్కనే చూశాడు. సత్తెమ్మ ఎటూ చూడకుండా తంగేడు పొదల మీద చూపు పెట్టి చెప్తూనే ఉంది. పాలకు తన్నేది. వానల పుట్టింది. కుంటిది.

ఆగింది. చెయ్యి గాలిలో ఉంది.

ఆ పన్నెండు సెకన్లు జయపాల్ ఫోనులో పది మాట్లు చూసినవే. తల్లి మతి పోయిందనడానికి అతను మనసులో పెట్టుకున్న రుజువు అదే. అతను చటుక్కున ముందుకు రాబోయాడు. ఊర్మిళ మోచెయ్యి పట్టి ఆపింది.

"ఆగుండ్రి. ఇంకోటి రావాలె."

దుమ్ములోంచి తెల్లగొంతుది వచ్చింది. కడుపు ఖాళీగా, నడక ఠీవిగా. దాని వెనక ఎగురుకుంటూ పిల్ల. సత్తెమ్మ చెయ్యి దిగింది. "తెల్లగొంతుది," అంది. ఇంకొంచెం కిందికి వంగి, పిల్ల వీపు అందుకుంది. "తెల్లగొంతుదాని బిడ్డ."

"ఇరవై తొమ్మిది," అన్నాడు మొగిలి, చాలా మర్యాదగా.

ఆదివారం ఇరవై ఎనిమిదే కదా అన్నాడు జయపాల్. అప్పుడు మొగిలే చెప్పాడు, ఊర్మిళ నోరు తెరిచే అవసరం లేకుండా. తొట్టి సంగతి, గంగాబాయి సంగతి, చెవి గాటు సంగతి. తన కళ్ల మసక సంగతి కూడా తనే చెప్పుకున్నాడు. "చిన్నమ్మ ఒక్కతే కరెక్టు చెప్పింది తమ్మీ. మనం ఇద్దరం లెక్కల మనుషులం," అన్నాడు. ఊర్మిళ శ్వేత రాసిన కాగితం భర్త చేతికిచ్చింది. జయపాల్ అంచున రాసింది చదివాడు. రెండో కాగితం మీద పదకొండు కూడా చదివాడు. రెండింటినీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, గేటు దగ్గరికి నడిచాడు. గేటును తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచి వదిలేశాడు. అది తెరిచినచోటే నిలబడింది. ఫిట్టరు కళ్లతో దాని మడతబందుల్ని చాలాసేపు చూశాడు.

"దీనికి గొలుసు కట్టి బరువు వేలాడేస్తే," అన్నాడు ఎవరితోనో కాదు, గేటుతోనే, "ఇడిసిపెడితే దానంతటదే పడ్తది. అవ్వ మరిచినా పడ్తది." తర్వాత తల తిప్పకుండానే, "దేవేందరూ, బండి మలుపు. ఈ మంద అమ్మేది కాదు," అన్నాడు.

దేవేందర్ వెనక తలుపు ఎత్తి బిగించాడు. పోతూ పోతూ సత్తెమ్మ దగ్గర ఆగి, ఆ కంట్ల పువ్వుదానికి ఏ చెట్టు పసరు పోస్తున్నవవ్వా, అని అడిగి తెలుసుకుని మరీ పోయాడు.

చీకటి పడేలోపే జయపాల్ పాత మోటారు తాలూకు ఇనుప చక్రం ఒకటి, గొలుసు ఒకటి వెతికి తెచ్చి పని మొదలుపెట్టాడు. ఊర్మిళ టీ తెచ్చి బండ పక్కన పెట్టి, ఫోను తీసింది.

"ఒక నిమిషం టైము," అంది. "మన జీవాల పేర్లు చెప్పుండ్రి. ఎన్ని వీలైతే అన్ని."

"పని చేస్తున్న గద."

"టైము నడుస్తుంది."

జయపాల్ పానా చేతిలో పట్టుకుని దొడ్డి వైపు చూశాడు. ముందుమేక అన్నాడు. పెద్ద పొట్టేలు అన్నాడు. నల్లది అన్నాడు. ఏ నల్లది అని ఊర్మిళ అడిగింది. ఇంకో నల్లది అన్నాడు. తర్వాత మౌనం. ఫోను గంట కొట్టింది. ఊర్మిళ కాగితం వెనక తేదీ వేసి, జయపాల్, మూడు, అని రాసింది. నల్లది ఒకటికే మార్కు వేసింది, తిప్పి చెప్పినదానికి వేయలేదు. పరీక్ష అంటే పరీక్షే.

సత్తెమ్మ టీ గ్లాసు కింద పెట్టి కొడుకు వైపు జాలిగా చూసింది. "పోనీలే నర్సమ్మా," అంది కోడలితో, గొంతు తగ్గించి. "వాన్ని ఏమనకు. చిన్నప్పటి సంది వానికి గంతే యాదికుంటది. నేను చూసుకుంట."